నాలుగు తీగల ఉకులేలే

పిల్లలూ! ముందుగా మీకొక ప్రశ్న. కుక్కల ఒంటిమీదా, పిల్లుల ఒంటిమీదా ఉండి, పట్టుకోబోతే గంతువేసి తప్పించుకుపోయే చిన్న పురుగు ఉన్నది గదా! ఆ పురుగు పేరు పెట్టుకున్న వాద్యం ఒకటి ఉన్నది. ఏమిటో చెప్పగలరా?

వీణ కాదు, ఫిడేలు కాదు, సితారు కాదు. ఆ వాద్యం పేరు ఉకులేలే. హవాయి ద్వీపాల భాషలో "ఉకు" అంటే ఆ పురుగు, "లేలే" అంటే గెంతడం. ఇంగ్లీషువాళ్ళు ఈ పేరును "యూకలేలీ" అని పలుకుతారు. మనకు ఆ అవస్థ లేదు. హవాయివాళ్ళు పలికేదానికి చాలా దగ్గరగా మనం పలకగలం. ఎందుకంటే, వాళ్ళ భాషలో ప్రతి మాటా మన తెలుగు మాటలలాగే అచ్చుతో ముగుస్తుంది.

"సంగీతం నేర్చుకుంటావా?" అని అడిగితే మీలో చాలామంది ఏమంటారో నాకు తెలుసు. "అమ్మో, నాకు రాదండీ!" అంటారు. బళ్ళో పాఠాలు చెప్పిన ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. లెక్కలు రావన్న పిల్లవాడి చేత మళ్ళీ మళ్ళీ లెక్కలు చేయిస్తాం. సంగీతం రాదన్న పిల్లవాణ్ణి మటుకు ఎవరూ రెండోసారి అడగరు. పదో ఏట అన్న ఆ మాట అరవయ్యో ఏట కూడా వాడి వెంటే ఉంటుంది. చాలాసార్లు వాడికి రానిది సంగీతం కాదు. మొదట చేతికిచ్చిన వాద్యం వాడి చిన్న చేతులకు అందలేదు, అంతే. అందుకని, మొదటి రోజునే చేతికి అందే ఈ ఉకులేలే సంగతి మీకు చెబుతాను.

చూడటానికి ఇది గిటారుకు పిల్ల పుట్టినట్టు ఉంటుంది. మామూలుగా వాడే చిన్న రకం ఉకులేలే పొడవు సుమారు 21 అంగుళాలు. గిటారుకు 6 తీగలైతే దీనికి నాలుగే. నడుము సన్నగా ఉన్న డొల్ల పెట్టె, దానికి గుండ్రని రంధ్రం, పెట్టెనుంచి సాగిన దండి, దండిమీద అడ్డంగా మెట్లు, దండి కొసన తీగలు బిగించే బిరడాలు — ఇంతే ఈ వాద్యం. వీణ మెట్లను చూసినవాళ్ళకు ఇది బొత్తిగా కొత్తగా ఉండదు.

ఓడ ఎక్కి వచ్చిన వాద్యం

పేరు హవాయిదే అయినా, ఉకులేలే పూర్వీకులు హవాయివి కావు. అట్లాంటిక్ సముద్రంలో మదీరా అనే దీవి ఉన్నది. అది పోర్చుగల్ దేశానిది. ఆ దీవిలో "మషేటె" అనే నాలుగు తీగల చిన్న వాద్యం ఉండేది. పనివాళ్ళు సాయంత్రం దానితో పాడుకునేవారు.

హవాయి ద్వీపాలు మరొక పక్క, పసిఫిక్ మహాసముద్రం నట్టనడుమ ఉన్నాయి. అక్కడ పెద్దపెద్ద చెరుకు తోటలు వేశారు గాని, పనికి మనుషులు చాలలేదు. అందుచేత మదీరానుంచి కూలీలను పిలిపించారు. 1879 ఏప్రిల్‌లో "రేవెన్స్‌క్రాగ్" అనే ఓడ నాలుగు వందల మందికి పైగా ఎక్కించుకుని బయలుదేరింది. అది దక్షిణ అమెరికా కొసను చుట్టి, నాలుగు నెలలు ప్రయాణం చేసి, ఆగస్టు 23న హోనలూలూ రేవు చేరింది. ఒడ్డు కనిపించిన సంతోషం పట్టలేక జువావ్ ఫెర్నాండిష్ అనే యువకుడు మషేటె పుచ్చుకుని పాటలు పాడాడని చెబుతారు. రెండు వారాలు తిరిగేసరికి ఆ ఊరి పత్రికలో, మదీరావాళ్ళు రాత్రిళ్ళు వీధులలో చేసే పాటకచేరీల సంగతి పడింది. తీగలమీద వాళ్ళ వేళ్ళు గంతులు వేయటం చూసి ఊరివాళ్ళు ఈ వాద్యానికి "ఉకులేలే" అని పేరు పెట్టారని ఒక కథ ఉన్నది.

ఆ ఓడలోనే ముగ్గురు వడ్రంగులు కూడా వచ్చారు. వారు మాన్యుయెల్ నూనెస్, ఆగస్టో డియాస్, జోసే దో ఎస్పిరిటో శాంటో. 1886 నాటికి ముగ్గురికీ హోనలూలూలో దుకాణాలు ఏర్పడినవి. మషేటె ఆకారాన్నీ, "రజావ్" అనే మరొక వాద్యపు శ్రుతినీ కలిపి, హవాయి అడవులలో పెరిగే "కోవా" అనే చెట్టు కలపతో చేసిన వాద్యమే ఉకులేలే.

అప్పుడు హవాయిని కలాకౌవా అనే రాజు ఏలుతున్నాడు. ఆయన 1874 నుంచి 1891 వరకు రాజ్యం చేశాడు. హవాయివారి హులా నృత్యాన్ని మతప్రచారకులు తప్పుపట్టగా, ఆయన దానిని తిరిగి కొలువుకు తెచ్చాడు. ఉకులేలేకు కూడా అక్కడ చోటిచ్చాడు. ఆయన తరువాత చెల్లెలు లిలియువోకలాని రాణి అయింది. ఆమె స్వయంగా పాటలు కట్టేది. వాద్యానికి పురుగు పేరు ఉండటం ఆమెకు నచ్చలేదు. "ఉకు" అనే మాటకు కానుక అనే అర్థం కూడా ఉన్నది గనక, "ఇక్కడికి వచ్చిన కానుక" అని ఆమె అర్థం చెప్పింది.

కాని ఆ రాణి సింహాసనం ఎంతోకాలం నిలవలేదు. 1893లో విదేశీ వర్తకులూ, తోటల యజమానులూ కలిసి ఆమెను గద్దె దించారు. 1896లో, బడులలో ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పాలని శాసనం చేశారు. 1898లో అమెరికా ఆ ద్వీపాలను తనలో కలుపుకున్నది. ఒకసారి ఆలోచించండి: బడికి వెళ్ళిన పిల్లవాడికి అమ్మ నేర్పిన భాషలో పాఠం లేదు! బడిలో చోటు పోయిన ఆ భాషను ఇంట్లో తాతలూ, అవ్వలూ, వారు పాడిన పాటలూ కాపాడినవి. ఆ పాటల పక్కన ఉకులేలే ఉన్నది. 1978లో హవాయి భాషకు మళ్ళీ ఆ రాష్ట్రంలో అధికార భాషగా స్థానం వచ్చింది.

ఈ లోపల ఉకులేలే దేశాలు తిరిగింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి సంగీతం విని అమెరికా అంతటా జనం దానిమీద మోజుపడ్డారు. మన కాలానికి దగ్గరివాడు ఇజ్రాయెల్ కమకవివోఒలే (1959–1997). ఆయన హవాయి జాతివాడు, చాలా భారీ మనిషి. ఆయన చేతిలో ఉకులేలే బొమ్మలాగా ఉండేది. ఆయన గొంతు, ఆ నాలుగు తీగలు తప్ప మరే పక్కవాద్యమూ లేకుండా పాడిన పాట దేశదేశాల్లో విన్నారు. ఆయన పోయినప్పుడు భౌతికకాయాన్ని హోనలూలూలోని రాష్ట్ర శాసనసభా భవనంలో ప్రజల దర్శనానికి ఉంచారు.

ఇది చేతికి ఎందుకు అందుతుంది?

ఇందుకు నాలుగు కారణాలు ఉన్నాయి.

మొదటిది, తీగలు మెత్తన. వీణకూ, మాండొలిన్‌కూ లోహపు తీగలుంటాయి. కొత్తగా నేర్చుకునేవాడి వేళ్ళు వాటిమీద కోసుకుపోతాయి. ఉకులేలేకు పూర్వం జంతువుల పేగులతో చేసిన తీగలు కట్టేవారు. తరువాత నైలాన్ వచ్చింది. దీని తీగలు పొట్టివి గనక మరీ గట్టిగా బిగించనక్కర లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల కూడా తేలికగా అదమగలదు. మొదట్లో వేళ్ళ కొసలు కొంచెం నొప్పిపెట్టినా, రోజూ వాయిస్తుంటే ఆ నొప్పి తగ్గిపోతుంది.

రెండవది, మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. చిన్న అరచేతిని సాగదీయకుండానే వేళ్ళు అందుతాయి.

మూడవది, వాయిస్తూ పాడవచ్చు. వేణువు ఊదేవాడు పాడలేడు. ఉకులేలే వాయించేవాడి నోరు ఖాళీ. కుడిచేతి చూపుడువేలితో తీగలను పైనుంచి కిందికి మీటుతూ తన పాట తాను పాడుకోవచ్చు.

నాలుగవదే అన్నిటికన్న ముఖ్యం. మీ చెయ్యి తగలగానే ఇది చెవికి ఇంపుగా పలుకుతుంది. ఫిడేలు మీద ఒక్క స్వరం శుద్ధంగా పలికించటానికి నెలలు పడుతుంది. ఉకులేలేను శ్రుతి చేసి ఇస్తే, ఏ మెట్టూ తాకకుండా ఊరికే మీటినా బాగుంటుంది. ఎందుకో చూద్దాం.

నాలుగు తీగల్లో సరిగమలు

ఉకులేలేను ఒళ్ళో పెట్టుకుంటే మీ ముఖానికి దగ్గరగా ఉండే తీగనుంచి లెక్కపెట్టండి. హార్మోనియం మీద ఒకటో శ్రుతిని షడ్జమంగా తీసుకుంటే, ఆ తీగలు వరసగా ప, స, గ, ద అని పలుకుతాయి. మామూలుగా తీగవాద్యాలలో మందర స్వరం ఒక అంచున, తారస్వరం రెండో అంచున ఉంటాయి. ఇక్కడ అలా కాదు. అన్నిటికన్న మందర స్వరమైన "స" లోపల దాక్కున్నది. దానికన్న పై స్వరమైన "ప" ముందుగా నిలబడ్డది. ఈ తమాషా అమరికవల్లనే ఉకులేలేకు గలగలమనే ధ్వని వచ్చింది.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పటికే ఒక సంగతి కనిపెట్టి ఉంటారు. స, గ, ప, ద — ఇవి నాలుగూ మోహన రాగ స్వరాలే! ఆ రాగానికి ఇంకా కావలసింది "రి" ఒక్కటే. అది "స" తీగ రెండో మెట్టు దగ్గర ఉన్నది. కనుక మోహన రాగం స్వరాలు ఇలా పలికించవచ్చు:

స — "స" తీగ, వేలు పెట్టకుండా.
రి — "స" తీగ, రెండో మెట్టు.
గ — "గ" తీగ, వేలు పెట్టకుండా.
ప — "గ" తీగ, మూడో మెట్టు.
ద — "ద" తీగ, వేలు పెట్టకుండా.
పై స — "ద" తీగ, మూడో మెట్టు.

ఆరు స్వరాలు, మూడే చోట్ల వేలు! దిగిరావటం కూడా ఈ మెట్లమీదనే.

ఇక పాశ్చాత్యుల పద్ధతి ఒకటి ఉన్నది. వాళ్ళు కొన్ని స్వరాలను ఒకేసారి పలికించి, దానిమీద పాట పాడతారు. దానిని "కార్డ్" అంటారు. మనం "గుత్తి" అనుకుందాం. ద్రాక్షగుత్తిలో పళ్ళు కలిసి ఉన్నట్టు ఇందులో స్వరాలు కలిసి ఉంటాయి. ఉంగరపు వేలితో "ద" తీగను మూడో మెట్టు దగ్గర అదిమి, నాలుగు తీగలనూ మీటండి. ప, స, గ, పై స కలిసి వినపడతాయి. ఇది మొదటి గుత్తి. ఒకే వేలి పని.

రెండో గుత్తికి నడిమి వేలు "ప" తీగ రెండో మెట్టు దగ్గరా, చూపుడువేలు "గ" తీగ మొదటి మెట్టు దగ్గరా పెట్టాలి. మూడో గుత్తికి మూడు వేళ్ళు కావాలి: చూపుడువేలు "గ" తీగ మొదటి మెట్టు దగ్గర, నడిమి వేలు "స" తీగ రెండో మెట్టు దగ్గర, ఉంగరపు వేలు "ద" తీగ రెండో మెట్టు దగ్గర. పిల్లల ఇంగ్లీషు పాటలు ఎన్నో ఈ మూడు గుత్తులతోనే పాడవచ్చు.

అన్నట్టు, వేలు పెట్టవలసింది మెట్టు మీద కాదు, మెట్టుకు కొంచెం ఇవతల. మెట్టు మీదనే పెడితే తీగ మూగపోతుంది.

చేసి చూడండి

ఒక రబ్బరు బాండు తీసుకుని రెండు వేళ్ళ మధ్య సాగదీసి మీటండి. శబ్దం వినీ వినపడనట్టు ఉంటుంది. అదే బాండును మూతలేని ఖాళీ డబ్బాకు అడ్డంగా తగిలించి మీటండి. ఈసారి బాగా వినపడుతుంది. సన్నని తీగ తాను అదిరినా దాని చుట్టూ ఉన్న గాలిని ఎక్కువగా కదిలించలేదు. ఆ అదురు పెట్టెకు అందితే, పెట్టె తనతోపాటు చాలా గాలిని కదిలిస్తుంది. ఉకులేలే పై పలక పలచగా ఉండటానికి కారణం ఇదే.

ఇప్పుడు బాండును ఇంకొంచెం బిగించి మీటండి; స్వరం పైకి పోతుంది. దాని మధ్య వేలు పెట్టి సగం భాగమే మీటండి. స్వరం ఇంకా పైకి పోతుంది. తీగ ఎంత పొట్టిదైతే, ఎంత బిగువైతే, ఎంత తేలికైతే అంత త్వరగా అదురుతుంది. ఉకులేలే "స" తీగ సెకనుకు సుమారు 262 సార్లు అదురుతుంది. "ద" తీగ 440 సార్లు.

మెట్లు అమర్చటంలో కూడా ఒక లెక్క ఉన్నది. తీగ నిడివిని 18 భాగాలు చేసి, ఒక భాగం తీసివేసిన చోట మొదటి మెట్టు వస్తుంది. మిగిలిన నిడివిని మళ్ళీ 18 భాగాలు చేసి ఒకటి తీసివేస్తే రెండో మెట్టు. ఇలా 12 సార్లు చేస్తే తీగ రమారమి సగం అవుతుంది. సగం తీగ రెట్టింపు వేగంతో అదురుతుంది గనక, పన్నెండో మెట్టు దగ్గర అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. భిన్నాలు ఎందుకు నేర్చుకోవాలండీ అని అడిగే పిల్లలకు నేను ఈ మెట్ల లెక్క చెప్పేవాణ్ణి.

రాని పని కూడా చెప్పాలి

ఉకులేలేకు అన్నీ వచ్చునని చెబితే అది అబద్ధమవుతుంది. మన సంగీతానికి ప్రాణం గమకం. వీణమీద తీగను పక్కకు లాగి ఒకే మెట్టుమీద రెండు మూడు స్వరాలు పలికిస్తారు. ఉకులేలే తీగ అంతగా లాగితే లొంగదు. దాని ధ్వని కూడా త్వరగా ఆరిపోతుంది. కాబట్టి వీణ నేర్చుకుంటున్నవాళ్ళు వీణ మానవద్దు.

అలాగని పరాయి వాద్యమనీ, బొమ్మలాంటి వాద్యమనీ చులకన చేయకండి. ఫిడేలు కూడా పడమటినుంచి వచ్చినదే. దానిని మన సంగీతంలో ప్రవేశపెట్టిన వారిలో ముఖ్యుడు బాలుస్వామి దీక్షితులు (1786–1858). మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) చిన్న మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి "మాండొలిన్ శ్రీనివాస్" అనిపించుకున్నాడు.

ఉకులేలేతో నేర్చుకున్నదేదీ వృథా పోదు. శ్రుతి కలిసిందా లేదా అని వినటం, తాళం తప్పకుండా చెయ్యి ఆడించటం, ఎడమచెయ్యీ కుడిచెయ్యీ వేర్వేరు పనులు చేయటం — ఇవి వస్తే రేపు వీణ పట్టినా, గిటారు పట్టినా సగం దూరం నడిచినట్టే.

మరొక సుగుణం, దీనిని పదిమంది కలిసి వాయించవచ్చు. కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో చామర్స్ డోన్ అనే ఉపాధ్యాయుడు 1967లో బడుల సంగీత విద్యకు అధిపతి అయి, తరగతులకు తరగతులే ఉకులేలే నేర్చుకునే పద్ధతి పెట్టాడు. అక్కడినుంచి అది కెనడా అంతటా వ్యాపించి, వేలాది పిల్లలు నేర్చుకున్నారు. చురుకైన పిల్లవాడు రాగం వాయిస్తుంటే, నిదానంగా నేర్చుకునేవాడు ఒకే ఒక గుత్తి మీటుతూ అదే పాటలో పాలు పంచుకోవచ్చు. ఒక ఉపాధ్యాయుడికి ఇంతకన్న ఏం కావాలి?

పెద్దలకు ఒక మాట

పిల్లలకు మొదటి వాద్యం కొనేటప్పుడు, "ఎలాగూ రెండు రోజుల ముచ్చటే గదా" అని బొమ్మల దుకాణంలో దొరికేది కొంటారు. దానికి శ్రుతి నిలవదు. పిల్లవాడు వేలు సరిగానే పెడతాడు, స్వరం తప్పుగా వస్తుంది. తప్పు వాద్యానిదని వాడికేం తెలుసు? తనదే అనుకుంటాడు. "నాకు రాదు" అనే మాట ఇక్కడే పుడుతుంది.

కొనేముందు చిన్న పరీక్ష చేయండి. ముందు తీగలు శ్రుతి చేయించండి. ఒక తీగను ఊరికే మీటండి. తరువాత అదే తీగను పన్నెండో మెట్టు దగ్గర అదిమి మీటండి. అదే స్వరం పై స్థాయిలో వినిపించాలి. నాలుగు తీగలకూ ఇలా చూడండి. తేడా వస్తే, ఎంత అందంగా ఉన్నా, ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. బిరడాలు తిప్పితే వెనక్కు జారకూడదు. మొదటి మెట్టు దగ్గర తీగ మరీ ఎత్తుగా ఉండి వేలికి బరువు కాకూడదు. చిన్నపిల్లలకు 21 అంగుళాల రకం, కొంచెం పెద్దవాళ్ళకు 23 అంగుళాల రకం సరిపోతుంది. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్ళు సాగుతూనే ఉంటాయి గనక రోజూ శ్రుతి చేయాలి. శ్రుతి చూపించే సాధనాలు ఇప్పుడు ఫోనుల్లోనే ఉన్నాయి. వాద్యాన్ని ఎండలో వదిలిపెట్టకండి.

మీకు సంగీతం రాకపోయినా పరవాలేదు, పక్కన కూర్చోండి. ఈనాడు ఉకులేలే వాద్యంలో పేరు మోసిన జేక్ షిమాబుకురోకు నాలుగో ఏట మొదటి గుత్తి నేర్పింది వాళ్ళ అమ్మే. చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఏదీ, వాయించు!" అని పిల్లలను నిలబెట్టకండి. వాళ్ళంతట వాళ్ళు వినిపిస్తామన్నప్పుడు టీవీ ఆపి వినండి.

పిల్లలూ, ఇక మీ పని. ఎడమచేతి గోళ్ళు కత్తిరించుకోండి. ఆదివారం రెండు గంటలు కూర్చోవటం కన్న రోజూ పది నిమిషాలు మేలు. మొదటి వారం ఒక్క గుత్తి చాలు. రెండో వారం, మొదటి గుత్తినుంచి రెండో గుత్తికి మారటం నేర్చుకోండి. మెల్లగా, నాలుగు లెక్కపెట్టి మారండి. తప్పు వచ్చినప్పుడు పాట మొదటినుంచీ ఎత్తుకోకండి. తప్పిన చోటును మాత్రమే నాలుగుసార్లు వాయించండి. మూడో వారానికి మీకు వచ్చిన పాట ఒకటి ఎంచుకుని గొంతు కలపండి. పాడే ఆ గొంతు మీదే, మీటే ఆ చెయ్యీ మీదే. ఆ తరువాత ఎవరైనా "నీకు సంగీతం వచ్చునా?" అని అడిగితే, "నేర్చుకుంటున్నానండీ" అని చెప్పండి.